గద్వాల సీమయు దిగుమతి సుంకమును

సంస్కృతమున శుల్కము, తెనుఁగున సుంకము. దారిలోఁ గొన్నచో రాహదారి. గద్వాల, వనపర్తి సంస్థానములును నాగర్‌కర్నూలు సీమయు నిజాము రాజ్యమున నుండినవి. 1802లో ఈస్టిండియా కంపెనీకిని నిజామునకును జరిగిన వాణిజ్యసంధి రాహదారి సుంకములను మాన్పి, యిరుదేశముల సరకులపైనను వెలలో నూటికి 5 చొప్పున నొక్కమాఱే సుంకము గొనుట విధించెను. సమానధర్మమని తోఁచును, కాదు. ఆంగ్లేయులు తమ నేఁతను గాచుకొనుటకు 1700, 1721 సంవత్సరముల శాసనములచే భారతీయము లగు నద్దకపు వస్త్రములను దమ దేశమున నిషేధించి, యంత్రములు బలిసిన పిమ్మటనే స్వేచ్ఛావాణిజ్యమును బోధించిరి. 1896లో బ్రిటిషిండియా ప్రభుత్వము దిగుమతి బట్టపై నూటికి మూఁడున్నర విధించి, యంతయే దేశీయపు మిల్లుబట్టపైనను మోపెను. ఈ రెండవ పన్ను 1925 చివర వఱకుఁ దొలఁగలేదు. చేతిమగ్గమున కది తగులలేదు గాని, చౌకబట్టతోడి పోటీ తప్పలేదు. గద్వాల నేఁతకాఁడు నూలుచీరకుఁ బట్టుటంచును గుట్టుపనితో నతుకుచు, యంత్రమునకు సుకరము గాని పనియందే నిలిచెను.