గరాజ్ లేని వర్క్‌షాప్

సాఫ్ట్‌వేర్ వాళ్ళం నలుగురం చేరితే ఎప్పుడో ఒకప్పుడు గరాజ్ కథ వచ్చి తీరుతుంది. 1938లో హ్యూలెట్, ప్యాకార్డ్ ఇద్దరూ పాలో ఆల్టోలో ఒక అద్దింటి గరాజ్‌లో ఒక డ్రిల్ మెషీన్, 538 డాలర్లు పెట్టుకుని పని మొదలెట్టారు. ఇప్పుడది చారిత్రక స్థలం. ఆపిల్ గరాజ్ సంగతి సరే సరి... అక్కడ మేం పెద్దగా చేసిందేమీ లేదని 2014లో వోజ్నియాక్ గారే చెప్పేశారు, అయినా జనం ఫోటోలు దిగడం మానలేదు :)

మా మోత్కూరు వైపు గరాజ్ ఉన్న ఇళ్ళెక్కడివండీ? స్కూటరుంటే అరుగు పక్కన పెడతారు. కానీ ఇల్లే వర్క్‌షాప్ అయిన ఇళ్ళు మాత్రం బోలెడు. ముందు గదిలో నేల తవ్వి గుంట మగ్గం, మూలన రాట్నం, దండెం మీద రంగు అద్దిన నూలు, గోడకి ఆసు. వంట, నిద్ర, పిల్లల చదువు అన్నీ మిగిలిన జాగాలోనే.

ఈ ఆసు గురించే నా టపా అంతా. పోచంపల్లి రకం చీరలో డిజైను నేతలో కాదు, అంతకు ముందే నూలులో పడుతుంది. నూలుని లెక్క ప్రకారం చిటికీలుగా విడగొట్టి, రంగు అంటకూడని చోట సైకిల్ ట్యూబు కోసిన రబ్బరు ముక్కలతో గట్టిగా కట్టి, రంగులో ముంచుతారు. ఆ విడగొట్టడం కోసమే ఆసు. ఒక చివర ఒక మేకు, రెండో చివర అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. దారాన్ని ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకి సుమారు 9000 సార్లు! ఒక్కోసారికి మీటరు అనుకున్నా 9 కిలోమీటర్లు. రోజుకి రెండు చీరలకి పోస్తే చెయ్యి 18 కిలోమీటర్లు తిరిగినట్టు. లెక్క తప్పితే డిజైను పోయినట్టే. ఈ పని చేసేది దాదాపు ఎప్పుడూ ఆడవాళ్ళే. భుజాలు, మోచేతులు అరిగిపోయేదాకా.

ఇప్పుడు చరిత్ర చూడండి. జాన్ కే ఫ్లయింగ్ షటిల్ 1733. జకార్డ్ మగ్గం 1804, దాని చిల్లుల కార్డులే తర్వాత మన కంప్యూటర్లకి తాతలయ్యాయి. మరి ఆసుకి మెషీన్ ఎప్పుడొచ్చింది? 1999లో. జకార్డ్ తర్వాత 195 ఏళ్ళకి!

ఇంత ఆలస్యం ఎందుకంటే, నాకు తోచింది ఇది. మిల్లులకి ఆసు అక్కర్లేదు, కాబట్టి మెషీన్లు చేసే కంపెనీలకి అందులో బేరం లేదు. ఇక ఇంట్లో అది అమ్మ పని, కూలి లెక్కలోకి రాని పని. చీర ధర కట్టేటప్పుడు నేత కూలి, రంగు, నూలు అన్నీ వస్తాయి గానీ ఆ 9000 సార్లు ఎక్కడా విడిగా కనపడవు. లెక్కలో లేని ఖర్చుని తగ్గించాలని ఎవరికి మాత్రం తడుతుంది? మన భాషలో చెప్పాలంటే, ఆ బగ్‌ని ఎవరూ రిపోర్టే చెయ్యలేదు.

చూసింది కొడుకే. ఆలేరు మండలం శారాజీపేటకి చెందిన చింతకింది మల్లేశం గారు, బడి మధ్యలో ఆపేసిన నేత కుర్రాడు. (మోత్కూరూ ఆలేరూ 2016 దాకా నల్గొండ జిల్లావే, ఇప్పుడు యాదాద్రి భువనగిరి.) తల్లి లక్ష్మి గారు భుజం నొప్పితో పడే బాధ చూడలేక 1992లో మొదలెట్టారు. వర్క్‌షాప్ అంటే ఇల్లే. ఇంజనీరింగ్ పుస్తకం లేదు, డ్రాయింగు లేదు, డబ్బు అప్పు. ఒక్కో భాగం చేయించడం, బిగించడం, కుదరకపోతే మళ్ళీ విప్పడం. పిచ్చి పట్టిందన్న ఊళ్ళోవాళ్ళ మాటలు ఎటూ తప్పవు.

చాలావరకు కుదిరినా ఒక కదలిక మాత్రం కుదరలేదు. హైదరాబాదుకి వెళ్ళి కరెంటు పనిలో చేరి, సంపాదన ఇందులోనే పోశారు. 1999లో బాలానగర్‌లో వైరింగ్ పనికి వెళ్ళినప్పుడు అక్కడ ఒక మెషీన్ కదిలే తీరు చూశారట, చిక్కు వీడింది. అది చదివినప్పుడు నాకు అనిపించింది, ఆయన పూర్తి వర్క్‌షాప్ శారాజీపేట ఇల్లు ఒక్కటే కాదు, బాలానగర్ షెడ్లు కూడా అని. పాలో ఆల్టో వాళ్ళకి పక్కనే స్టాన్‌ఫర్డ్ ఉంది. ఈయన పక్కన ఉన్నది లేతు మెషీన్ల చప్పుడు.

నాలుగైదు గంటల పని గంటన్నరకి దిగింది. పేరు లక్ష్మీ ఆసు యంత్రం, అమ్మ పేరే. తర్వాతి మోడళ్ళలో మైక్రోకంట్రోలర్ కూడా వచ్చి చేరింది. 2017లో పద్మశ్రీ ఇచ్చారు, 2019లో ప్రియదర్శితో 'మల్లేశం' సినిమా వచ్చింది. చూడనివాళ్ళుంటే ఈ వీకెండ్ చూసెయ్యండి.

అన్నట్టు, యంత్రం ఆసు వరకే. చిటికీలు కట్టే పని ఇప్పటికీ ఎక్కువగా చేత్తోనే సాగుతోంది, రబ్బరు ముక్కని పళ్ళతో లాగి బిగించే ఆడవాళ్ళు మా వైపు ఇంకా కనిపిస్తారు.