ఏ గుర్తుకు వేద్దాం? చొప్పదండి, ఆసిఫాబాద్ ఓట్ల చరిత్ర

ఎన్నికలు వచ్చినప్పుడల్లా తండాలోనూ గూడెంలోనూ ఒకే మాట వినబడుతుంది: "ఈసారి ఏ గుర్తుకు వేద్దాం?" డెబ్భై ఏండ్లుగా మన పెద్దలు ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూనే ఉన్నారు. వాళ్లు ఏ కాలంలో ఏది చూసి ఓటు వేశారో, దానివల్ల ఏమి దక్కిందో తెలుసుకుంటే, ఇవాళ మనం ఎట్లా తేల్చుకోవాలో తెలుస్తుంది.

నిజాం రాజ్యంలో గిరిజనునికి ఓటు లేదు. భూమి కావాలన్నా, అడవిలో పశువులు మేపుకోవాలన్నా అర్జీ పెట్టుకోవాలి, లేదంటే తిరగబడాలి. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణమిచ్చింది ఆ హక్కుల కోసమే. ఆ తర్వాత పన్నెండేండ్లకు, 1952లో, హైదరాబాద్ రాష్ట్రంలో వయోజన ఓటుతో తొలి సాధారణ ఎన్నికలు జరిగాయి. ఇరవై ఒక్క ఏండ్లు నిండిన ఆడ, మగ అందరికీ ఓటు వచ్చింది. పద్దెనిమిదేండ్లకే ఓటు వచ్చింది 1989 నుంచి.

ఆనాటి ఓటు ఇప్పటిలాంటిది కాదు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె ఉండేది. పెట్టె మీద గుర్తు అంటించేవారు. ఓటరు చీటీ మీద ముద్ర వేసే పని లేదు, నచ్చిన గుర్తున్న పెట్టెలో చీటీ వేస్తే చాలు. చదువు రానివారి కోసం చేసిన ఏర్పాటు అది. గుర్తును చూసి ఓటేసే అలవాటు మనకు అక్కడి నుంచే వచ్చింది.

ఆ ఎన్నికల్లో కరీంనగర్ లోక్‌సభ స్థానం నుంచి ఇద్దరు గెలిచారు. ఒకరు పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ నాయకుడు బద్దం ఎల్లారెడ్డి, మరొకరు షెడ్యూల్డ్ కాస్ట్స్ ఫెడరేషన్ అభ్యర్థి ఎం.ఆర్. కృష్ణ. కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉండడంతో వాళ్లు ఫ్రంట్ పేరుతో నిలబడ్డారు. 1957లో చొప్పదండి శాసనసభ స్థానంలోనూ అదే పక్షానికి చెందిన చెన్నమనేని రాజేశ్వరరావు గెలిచారు. భూమి కోసం, వెట్టి పోవడం కోసం సాగిన పోరాటం అప్పటికి జనం కండ్ల ముందరిదే. ఎవరు ఏ పక్కన నిలబడ్డారో ఓటరుకు స్వయంగా తెలుసు. గుర్తు కొత్తదైనా, దాని వెనుక ఉన్న మనుషులు చేసిన పని పాతది, తెలిసినది.

కాలం గడిచింది. పోరాటం జ్ఞాపకంగా మారింది, గుర్తు మాత్రం మిగిలింది. గోండు గూడెంలో పట్ల, లంబాడీ తండాలో నాయక్ చెప్పిన మాట మీద ఊరంతా ఒక్క పక్కకే వేయడం చాలా చోట్ల ఆచారమైంది. దీన్ని తప్పు అని కొట్టిపారేయలేం. ఊరు కలిసి అడిగితే రోడ్డు, బడి, బోరు వస్తాయి. అయితే పెద్దమనిషి ఒక్కరిని ఒప్పించుకుంటే ఊరంతా తమదే అని పార్టీలు కూడా నేర్చుకున్నాయి.

"మనవాడికి వేద్దాం" అనేది ఇంకో జవాబు. ఈ జవాబు మనకు ఎంతవరకు పనికొస్తుందో చూద్దాం. 2009 నుంచి చొప్పదండి ఎస్సీలకు రిజర్వు అయిన స్థానం. అక్కడి తండాల్లో ఉన్న గిరిజన ఓటరుకు తన తెగ అభ్యర్థి కనబడడు. ఆసిఫాబాద్, ఖానాపూర్, బోథ్ ఎస్టీ స్థానాలు. అక్కడ ఏ పార్టీ అయినా గిరిజనుడినే నిలబెట్టాలి. అంటే ఒకచోట మనవాడు ఎవరూ ఉండరు, మరోచోట అందరూ మనవాళ్లే. రెండు చోట్లా "మనవాడు" అనే మాటతో ఓటు తేలదు. పార్టీనే చూడాలి.

పార్టీని చూడడానికి ఇంకో కారణం చట్టంలోనే ఉంది. 1985లో రాజ్యాంగానికి 52వ సవరణ చేసి పార్టీ ఫిరాయింపుల నిరోధం తెచ్చారు. పార్టీ విప్‌ను కాదని సభలో ఓటేస్తే సభ్యత్వం పోవచ్చు. మన ఎమ్మెల్యే ఎంత మంచివాడైనా, బిల్లు మీద ఓటు వచ్చినప్పుడు చెయ్యి ఎత్తేది పార్టీ చెప్పినట్లే.

అయితే పార్టీని నమ్మి ఓటేస్తే, గెలిచినవాడు ఆ పార్టీలోనే ఉంటాడా? 2018లో ఆసిఫాబాద్‌లో కాంగ్రెస్ అభ్యర్థి ఆత్రం సక్కు 171 ఓట్ల తేడాతో గెలిచారు. ఒక్క చిన్న గూడెం ఓట్లు అటు ఇటు అయితే ఫలితం మారేది. కొన్ని నెలలకే ఆయన టీఆర్ఎస్ వైపు వెళ్లారు. 2019 జూన్‌లో పన్నెండు మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. మూడింట రెండు వంతుల మంది కలిసిపోతే చట్టం అడ్డుపడదు. ఆదిలాబాద్‌లో గోడం నగేశ్ తెలుగుదేశం నుంచి ఎమ్మెల్యేగా, 2014లో టీఆర్ఎస్ నుంచి, 2024లో బీజేపీ నుంచి ఎంపీగా గెలిచారు. చొప్పదండిలో 2009లో తెలుగుదేశం, 2014, 2018లో టీఆర్ఎస్, 2023లో కాంగ్రెస్ గెలిచాయి. 2014లో అక్కడ టీఆర్ఎస్ టికెట్ మీద గెలిచిన బొడిగె శోభ 2018లో బీజేపీ నుంచి పోటీ చేశారు. కాబట్టి పార్టీ ఏమి చేసిందో అడగడంతో పాటు, అభ్యర్థి ఇదివరకు ఎన్ని కండువాలు మార్చాడో కూడా అడగాలి.

ఇక పార్టీలు చేసిన పని సంగతి. దుకాణం ఖాతాలో ఉన్నట్లే ప్రతి పార్టీ పేరు మీదా జమ ఉంది, బాకీ ఉంది.

కాంగ్రెస్ పాలనలోనే గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకుండా 1959 భూబదలాయింపు నిబంధన వచ్చింది. 1963లో అది తెలంగాణకు వర్తించింది. 1970లో దాన్ని గట్టి చేస్తూ వచ్చినదే 1/70. కేంద్రంలో ఆ పార్టీ నాయకత్వంలోని ప్రభుత్వమే 2006లో అటవీ హక్కుల చట్టం తెచ్చింది. అదే పార్టీ పాలనలో 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పోలీసు కాల్పులు జరిగి గిరిజనులు చనిపోయారు.

తెలుగుదేశం పాలనలో 1986లో, మళ్లీ 2000లో జీవో 3 రూపంలో, ఏజెన్సీ బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న ఉత్తర్వులు వచ్చాయి. కానీ వాటిని చట్టంగా నిలబెట్టే పని ఏ ప్రభుత్వమూ చేయలేదు. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు జీవో 3ను కొట్టేసింది.

టీఆర్ఎస్ పాలనలో తండాలు, గూడేలు పంచాయతీలయ్యాయి. 2022లో ఎస్టీ రిజర్వేషన్ 6 నుంచి 10 శాతానికి పెరిగింది. 2023 జూన్‌లో పోడు పట్టాల పంపిణీ ఆసిఫాబాద్‌లోనే మొదలైంది. అంతకుముందు ఏండ్ల తరబడి హరితహారం మొక్కల పేరుతో పోడు భూముల్లో తగువులు జరిగిందీ ఆ పాలనలోనే. బీజేపీ పాలనలో కేంద్రం 2023లో ములుగు గిరిజన విశ్వవిద్యాలయానికి చట్టం చేసింది. విభజన చట్టం 2014లో ఇచ్చిన మాటకు తొమ్మిదేండ్లు పట్టింది. అదే 2023లో వచ్చిన అటవీ సంరక్షణ సవరణ మీద గిరిజన సంఘాలు అభ్యంతరం చెప్పాయి.

ఈ లెక్క చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఏ మేలూ ఒక పార్టీ దయతో ఊరికే రాలేదు, అడిగినందుకు వచ్చింది. అడగడం ఆపిన చోట కాగితంలోనే ఉండిపోయింది.

ఒక్క లెక్క అన్ని ఊళ్లకూ సరిపోదు. చొప్పదండి షెడ్యూల్డ్ ప్రాంతం కాదు, అక్కడ 1/70 వర్తించదు. అక్కడి తండా యువకుడు అడగాల్సింది రిజర్వేషన్ పోస్టుల గురించి, గురుకులం సీట్ల గురించి, తండా పంచాయతీకి వచ్చే నిధుల గురించి. ఆసిఫాబాద్ గూడెం యువతి అడగాల్సింది పోడు పట్టా గురించి, 1996 పెసా చట్టం కింద గ్రామసభకున్న అధికారం గురించి, ఏజెన్సీ టీచర్ పోస్టుల గురించి. ఊరు కూర్చుని ఈ ప్రశ్నలు తేల్చుకోవాలి, వచ్చిన ప్రతి పార్టీనీ అవే అడగాలి. అడగడం అందరూ కలిసి చేసేది. బటన్ నొక్కడం మాత్రం ఒక్కరే చేసేది. ఆ రహస్యం పట్లకు గానీ నాయక్‌కు గానీ, ఇంటాయనకు గానీ చెప్పాల్సిన పని లేదు.

ఉపాధ్యాయులు ఏ పార్టీకీ ప్రచారం చేయకూడదు. కానీ 1/70 ఏ ఏడు వచ్చింది, జీవో 3 ఎందుకు పోయింది, పట్టా కోసం ఎవరికి దరఖాస్తు పెట్టాలి అని పిల్లలకు చెప్పడం ప్రచారం కాదు, పాఠం. ఆ పాఠం నేర్చిన పిల్లలు పద్దెనిమిదేండ్లకు ఓటేయడానికి పోయినప్పుడు, గుర్తు వెనుక ఉన్న లెక్క చూసి వేస్తారు.