తెలుగు నవల పాఠకుని చేరిన దారులు

మన అలంకారశాస్త్రంలో నవలకు లక్షణం లేదు. ప్రబంధానికి అష్టాదశ వర్ణనలున్నాయి, నాటకానికి సంధులూ అర్థప్రకృతులూ ఉన్నాయి. ఇంగ్లీషు చదువుల వెంట వచ్చిన ఈ ప్రక్రియను ఏమని పిలవాలో తొలి రచయితలకే నిశ్చయం లేదు. 1872లో 'శ్రీరంగరాజ చరిత్రము' రచించిన నరహరి గోపాలకృష్ణమ చెట్టిగారు తమ కృతిని నవీన ప్రబంధమన్నారు. వీరేశలింగం పంతులుగారు 'రాజశేఖర చరిత్రము'ను వచన ప్రబంధమన్నారు. ఆ గ్రంథాన్ని విమర్శించిన కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రిగారు 'నవల' అనే మాటను వాడి, కొత్త విశేషాలను గ్రహించేది అనే అర్థం వచ్చేటట్లు దానికొక సంస్కృత వ్యుత్పత్తిని సైతం కల్పించారు. పరభాషాపదానికి ఇంత శాస్త్రోక్తంగా ఉపనయనం జరగడం అరుదు.

పేరు అట్లా స్థిరపడింది. మరి సాంఘికం, చారిత్రకం, హాస్యం, అపరాధ పరిశోధనం అంటూ శాఖలు ఎట్లా ఏర్పడినవి? సాహిత్యచరిత్రలు ఈ ప్రశ్నకు సాధారణంగా రచయితల వరుసను సమాధానంగా చూపుతాయి. చదువరులు ఒకసారి దీనిని పాఠకుని వైపునుండి చూడాలని నా మనవి. ఏ కాలంలో నవల ఏ దారిన పాఠకుని చేతికి వచ్చిందో, ఆ దారే ఆ కాలపు శాఖను చాలవరకు నిర్ణయించింది.

మొదటి దారి బహుమతి. దేశీయుల ఆచారవ్యవహారాలను తెలిపే గ్రంథానికి బహుమానమిస్తామన్న లార్డ్ మేయో కాలపు ప్రభుత్వ ప్రకటనే గోపాలకృష్ణమ చెట్టిగారికి ప్రేరణ. అందువల్లనే ఆ కథలో ఆచారవర్ణనకు అంత చోటు దక్కింది. 1890 దశకంలో రాజమహేంద్రవరపు 'చింతామణి' పత్రిక నవలల పోటీలు నిర్వహించింది. చిలకమర్తి లక్ష్మీనరసింహంగారి 'రామచంద్రవిజయం' ఆ పోటీల ఫలమే. 1906లో హైదరాబాదున కొమర్రాజు లక్ష్మణరావుగారు మిత్రులతో కలిసి స్థాపించిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి, తరువాత మద్రాసుకు మారి, చారిత్రక నవలలకు బహుమతులు ప్రకటించింది. తెలుగువారికి తమ చరిత్ర తెలియాలన్నది మండలి ఆశయం. ఆ ఆశయమే ఒక నవలాశాఖను పోషించింది. తరువాతి కాలంలో అడివి బాపిరాజుగారి 'గోన గన్నారెడ్డి', నోరి నరసింహశాస్త్రిగారి 'రుద్రమదేవి' వంటి నవలలు అదే బాటలో వచ్చినవి. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో విశ్వనాథ సత్యనారాయణగారి 'వేయిపడగలు', బాపిరాజుగారి 'నారాయణరావు' బహుమతిని పంచుకున్న సంగతి సుప్రసిద్ధమే.

ఈ లెక్కకు లొంగని గొప్ప నవల ఒకటుంది. ఉన్నవ లక్ష్మీనారాయణ పంతులుగారు చెరసాలలో రచించిన 'మాలపల్లి' 1922లో ప్రకటితమైంది. మరుసటి సంవత్సరమే ప్రభుత్వం దానిని నిషేధించింది. బహుమతి కొన్ని పుస్తకాలకు తలుపు తెరిచినట్లే, నిషేధం కొన్నింటికి తలుపు మూస్తుంది. అయినా 'మాలపల్లి' నిలిచింది.

రెండవ దారి గ్రంథాలయం, గ్రంథమాల. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలసింది. 1935లో పాతూరి నాగభూషణంగారు గుంటూరు మండలపు కాలువ మీద పడవలో గ్రంథాలయాన్ని నడిపించారు. పుస్తకాలు రేవునుండి రేవుకు వెళ్ళి ప్రజలను వెదుక్కున్నాయి. తెలంగాణంలో తెలుగుకు పాలకుల ఆదరణ లేని రోజులలో వట్టికోట ఆళ్వారుస్వామిగారు 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించారు. పుస్తకాన్ని పాఠకునికి అందించడంలోని కష్టం స్వయంగా ఎరిగిన ఆ మనిషే తరువాత 'ప్రజల మనిషి' రచించారు. దాశరథి రంగాచార్యగారి 'చిల్లర దేవుళ్ళు'కు ముందే తెలంగాణపు పల్లె బ్రతుకును నవలకెక్కించిన కృతి అది. ఉద్యమం ఆ పుస్తకానికి వస్తువునూ ఇచ్చింది, పాఠకునీ ఇచ్చింది.

మూడవ దారి రైలు. సాహిత్యచరిత్రకారులు ఈ దారిలో ఎక్కువసేపు ఆగరు. కొవ్వలి లక్ష్మీనరసింహారావుగారు వేయి నవలలు వ్రాశారు. చిన్న పుస్తకం, చవక వెల, రైల్వే స్టేషన్ల అంగళ్ళలో అమ్మకం. రైలెక్కినవాడు దిగేలోగా ముగియాలి, మడిచి సంచిలో పెట్టుకొనగలగాలి. ఈ కొలతే దాని శిల్పమూ అయింది. ఆ తరువాత అపరాధ పరిశోధక నవలలు ఉధృతంగా వచ్చినవి. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్, ఆయన సహాయకుడు రాజు తెలుగు కుర్రవాళ్ళకు ఇంటి మనుష్యులైపోయారు. నేను పాఠాలు చెప్పిన తరగతులలో వాచకం మధ్య దాగిన యుగంధరుడు ఎన్నిసార్లు బయటపడ్డాడో లెక్క లేదు. సంధి కార్యం చెప్పలేక తడబడే విద్యార్థి హంతకుని ఆనవాళ్ళను మాత్రం పూసగుచ్చినట్లు చెప్పేవాడు. చదివే వేగం, కథను జ్ఞాపకం ఉంచుకొనే శక్తి, ముందేమి జరుగుతుందోనని ఊహించే అలవాటు ఎందరికో ఆ చవక కాగితాల మీదనే అబ్బినవి. 'సమగ్ర ఆంధ్ర సాహిత్యం' సంతరించిన ఆరుద్రగారు సైతం అపరాధ పరిశోధక నవలలు వ్రాశారు. ఒక్క కలం నుండి వెలువడినవాటిలో కొన్నింటిని అల్మరాలో భద్రపరచి, కొన్నింటిని తూకానికి వేయడం మనకే చెల్లింది.

నాల్గవ దారి పత్రికల ధారావాహిక. వారం వారం ఒక ప్రకరణం, చివర ఒక ముడి. యద్దనపూడి సులోచనారాణిగారి 'సెక్రటరీ' 1960 దశకంలో 'జ్యోతి' మాసపత్రికలో వచ్చి పాఠకులను ఉర్రూతలూగించింది. రంగనాయకమ్మ, లత, వాసిరెడ్డి సీతాదేవి వంటి రచయిత్రులు నవలను ఏలిన కాలమది. పత్రిక తిన్నగా ఇంటి లోపలికి వెళ్ళింది. గ్రంథాలయానికి వెళ్ళే వీలులేని గృహిణి చేతికి నవల అందింది. 1980 దశకం ఆరంభంలో 'ఆంధ్రభూమి' వారపత్రికలో వచ్చిన యండమూరి వీరేంద్రనాథ్‌గారి 'తులసిదళం' క్షుద్రశక్తుల కథను కుటుంబం మధ్యకు తెచ్చింది. ధారావాహిక ముగిశాక అద్దె పుస్తకాల దుకాణాలు అందుకొనేవి. అక్కడ 'చివరకు మిగిలేది' ప్రక్కనే యుగంధరుడూ కూర్చునేవాడు. శాఖాభేదం ఆ దుకాణదారుకు పట్టదు. అట్టచిరిగిన పుస్తకమే అతనికి ఉత్తమ గ్రంథం.

ఈ దారులన్నింటినీ కలిపే పని చేసినవారు మాలతీ చందూర్‌గారు. 'స్వాతి' మాసపత్రికలో 'పాత కెరటాలు' శీర్షికన ఆమె ఇంగ్లీషు నవలలను తెలుగువారికి పరిచయం చేశారు. ఆ భాష రానివారూ, వచ్చినా పుస్తకం దొరకనివారూ ఆమె చేయి పట్టుకొని ఎన్నో దేశాలు తిరిగివచ్చారు. కథను చక్కగా చెప్పి, చదివే ఆశ పుట్టించి తప్పుకోవడం ఆమె పద్ధతి. నవలను చర్చించడమంటే తీర్పు చెప్పడం ఒక్కటే కాదు, మరొకరి చేతికి అందించడం కూడా. 2013లో ఆమె మరణంతో ఆ పెద్దదిక్కు పోయింది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, బహుమతులు పొందిన నవలలకు పునర్ముద్రణలున్నాయి, పాఠ్యప్రణాళికలున్నాయి, సిద్ధాంతవ్యాసాలున్నాయి. స్టేషనులో కొన్న పుస్తకానికి ఇవేవీ లేవు. నాసిరకపు కాగితం ముట్టుకుంటే పొడి అవుతున్నది. అద్దె దుకాణాలు చాలావరకు మూతపడినవి. ధారావాహికల కోసం చించి దారంతో కుట్టుకున్న పత్రికల పుటలు ఇల్లు మారినప్పుడల్లా తగ్గిపోతున్నవి. ఒక జాతి ఏమి చదవాలని పెద్దలు కోరారో మనకు బాగా తెలుసు. ఆ జాతి నిజంగా ఏమి చదివిందో తెలిపే సాక్ష్యం మాత్రం మన కళ్ళయెదుటనే చెదలపాలవుతున్నది. ఆ సగం పోతే మిగిలేది సగం చరిత్రే.

కాబట్టి సహృదయులైన మిత్రులకు ఒక విన్నపం. మీ యింటి అటక మీద ఏ శాఖకు చెందిన నవల ఉన్నా దుమ్ము దులపండి. దాని పేరు, రచయిత, ప్రకాశకులు, సంవత్సరం, వెల వ్రాసి ఉంచండి. ఎవరు కొన్నారో, ఎవరెవరు చదివారో ఇంటి పెద్దలను అడిగి తెలుసుకోండి. బాగుంటే బాగున్నదనండి, లేకుంటే లేదనండి. చదవకుండా మాత్రం చిన్నచూపు చూడకండి. గుణదోష విచారణకు పుస్తకం ముందు మిగిలి ఉండాలి కదా!

స్వస్తి.