తలుపులు మూసుకునే పండుగ

మొహర్రం వస్తే మన ఇళ్లలో పెద్దవాళ్లు ఆషూరా రోజాలు ఉంటారు. ఎందుకని పిల్లలు అడిగితే మనం చెప్పే హదీసు ఒకటుంది. హుజూర్ (సల్లల్లాహు అలైహి వసల్లం) మదీనాకు హిజ్రత్ చేసి వచ్చాక, అక్కడి యూదులు ఆ రోజు రోజా ఉండటం చూశారు. కారణం అడిగితే, అల్లాహ్ మూసా అలైహిస్సలాంను, ఆయన ఖౌమ్‌ను ఫిరౌన్ నుంచి కాపాడిన రోజు అని చెప్పారు. మూసాకు మనం ఇంకా దగ్గరివాళ్లమని హుజూర్ తానూ రోజా ఉండి, మనల్నీ ఉండమన్నారు.

అది యూదుల తిష్రీ నెల పదో రోజు, అంటే యోమ్ కిప్పూర్ అయి ఉంటుందని తారీఖ్ రాసినవాళ్లు చాలామంది అంటారు. దూడను పూజించిన గునాహ్‌కు మాఫీ దొరికి, మూసా (అ) రెండోసారి ఫలకాలతో కొండ దిగింది ఆ రోజేనని యూదుల నమ్మకం. మగ్రిబ్ ముందు మొదలై మర్నాడు చీకటి పడేదాకా, దాదాపు 25 గంటలు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరు. తోలు చెప్పులు తొడగరు. చాలామంది తెల్లబట్టలు కట్టుకుంటారు. మధ్యాహ్నం నమాజులో యూనుస్ (అ) ఖిస్సా చదువుతారు.

ఇదంతా మస్జిద్ లాంటి ఇబాదత్‌గాహ్, కితాబు, ఆలిములు ఉన్నవాళ్ల మాట. ఇవేవీ లేనివాళ్లు ఆ రోజును ఎలా నిలుపుకున్నారు?

జవాబు మన దేశంలోనే, కొంకణ్ తీరంలో ఉంది. అక్కడి యూదులు తమను తాము ‘బేనే ఇజ్రాయెల్’ అనుకుంటారు. మన ఖుర్ఆన్‌లోని ‘బనీ ఇస్రాయీల్’ మాటే అది. వాళ్ల రివాయత్ ప్రకారం నవ్‌గావ్ దగ్గర ఓడ పగిలి ఏడుగురు మగవాళ్లు, ఏడుగురు ఆడవాళ్లు మాత్రమే ఒడ్డు చేరారు. కితాబులు సముద్రం పాలయ్యాయి. వాళ్ల పిల్లలు ఊళ్లలో గానుగలు ఆడించి నూనె తీసి బతికారు. శనివారం గానుగ ఆపేస్తారు కాబట్టి చుట్టుపక్కలవాళ్లు ‘శనివార్ తేలీ’ అన్నారు. భాష మరాఠీ అయిపోయింది. దువాల్లో గుర్తున్నది ఒక్క కలిమా లాంటి ‘షెమా’. దానితో పాటు ఖత్నా, శనివారం సెలవు, కొన్ని రోజాలు మిగిలాయి.

యోమ్ కిప్పూర్ అన్న పేరు కూడా వాళ్లకు గుర్తులేదు. మరాఠీలో ‘తలుపులు మూసే పండుగ’ అనేవారు. ఆ రోజు తెల్లబట్టలు కట్టుకుని, ఇంటి తలుపులు వేసుకుని, రోజాతో లోపలే ఉండిపోయేవారు. చదవడానికి కితాబు లేదు, చదివించే ఇమాం లేడు. ఇల్లే ఇబాదత్‌గాహ్. తల్లిదండ్రులను చూసి పిల్లలు నేర్చుకున్నదే సబక్.

మర్నాటిని ‘శిళా సణ్’ అనేవారు. అంటే చద్ది పండుగ. ఆ రోజు తలుపులు తెరిచి, గరీబులకు ఖైరాత్ ఇచ్చి, స్నేహితులను కలిసేవారు.

తర్వాత 1796లో సమాజీ హసాజీ దివేకర్ అనే ఫౌజీ అఫ్సర్ ముంబైలో వాళ్ల మొదటి ఇబాదత్‌గాహ్ కట్టించాడు. టిప్పు సుల్తాన్ ఖైదు నుంచి ప్రాణాలతో బయటపడ్డ షుక్రానాగా కట్టించాడని వాళ్ల రివాయత్. జనం దాన్ని ‘జూనీ మస్జిద్’ అన్నారు. దాని హిబ్రూ పేరు ‘షార్ హరహమీమ్’, అంటే రహ్మత్ దర్వాజా. మన ‘రహ్మత్’, వాళ్ల ‘రహమీమ్’ ఒకే వేరు నుంచి పుట్టినవి.

యూదుల పాత ఫిఖ్హ్ గ్రంథం మిష్నాలో ఒక మాట ఉంది. అల్లాహ్ పట్ల చేసిన గునాహ్‌కు ఆ రోజు మాఫీ దొరుకుతుంది. మనిషికి చేసిన జుల్మ్‌కు మాత్రం, ఆ మనిషిని రాజీ చేసుకునేదాకా దొరకదు. మనం హుకూకుల్ ఇబాద్ అనేది ఇదే కదా!

2020 రమ్జాన్‌లో మస్జిదులు మూతపడితే తరావీహ్ ఇంట్లోనే చదువుకున్నాం. దీన్ ఏమైపోతుందోనని కొందరు దిగులు పడ్డారు. తరతరాలు మూసిన తలుపుల వెనక ఒక్క రోజాను కాపాడుకున్న ఆ నూనె గానుగలవాళ్లు గుర్తొస్తే, ఇల్లు ఎంత పెద్ద మదర్సానో తెలుస్తుంది.

ఈసారి ఆషూరా రోజా ఉన్నప్పుడు తలుపు వేసుకుని తౌబా చేసుకుందాం. మర్నాడు మాత్రం తలుపు తీసి, మన మీద నారాజ్‌గా ఉన్న తమ్ముడి ఇంటికో, మాటలు మానేసిన పక్కింటికో వెళ్లి సలాం చెబుదాం. మాఫీలో మిగిలిన సగం అక్కడుంది.