గెలిచినవారి మీదే ఖర్చులు

మదనపల్లె అనగానే జిడ్డు కృష్ణమూర్తి పుట్టిన ఊరని చెబుతాం. ఆయన తండ్రి నారాయణయ్య కొడుకుల కోసం కోర్టుకెక్కిన సంగతీ కొందరికి తెలుసు. ఆ దావాలో మొదట గెలిచిన నారాయణయ్య మీదే ఖర్చులు పడ్డాయన్న సంగతి మాత్రం ఎవరూ పెద్దగా చెప్పుకోరు. ఆ కేసులో నన్ను ఎక్కువగా పట్టి లాగేది అదే. పుంగనూరు రోడ్డు మీద లారీ గుద్ది కాలు విరిగిన మనిషి వకీలు దగ్గరికి వెళ్లి అడిగేదీ ఆ ప్రశ్నే: గెలిస్తే సరే, ఖర్చులు ఎవరు పెట్టుకుంటారు?

నారాయణయ్య రెవెన్యూ శాఖలో తహసీల్దారు దాకా పనిచేసి 1907 చివర్లో రిటైరయ్యారు. పెన్షన్ జీతంలో సగం. 1909లో పిల్లలతో అడయారు చేరారు. 1910 మార్చిలో కృష్ణమూర్తి, అతని తమ్ముడు నిత్యానందల సంరక్షణను దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షురాలు అనిబిసెంట్‌కు రాసిచ్చారు. తర్వాత మనసు మార్చుకుని, పిల్లలను తిరిగి అప్పగించాలని 1912లో చెంగల్పట్టు జిల్లా కోర్టులో దావా వేశారు. అది మద్రాసు హైకోర్టుకు బదిలీ అయింది. ఆయన వకీలు సి.పి.రామస్వామి అయ్యర్. బిసెంట్ తన కేసు తానే వాదించుకున్నారు. 1913 ఏప్రిల్ 15న జస్టిస్ బేక్‌వెల్ పిల్లలను తండ్రికి అప్పగించాలని తీర్పు చెప్పారు. కానీ బిసెంట్ సహచరుడు లెడ్‌బీటర్ మీద తండ్రి చేసిన తీవ్రమైన ఆరోపణలు నిలబడలేదు కాబట్టి దావా ఖర్చులు ఆయనే భరించాలన్నారు. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడని మనవాళ్లు అనేది ఇలాంటి చోటే. బిసెంట్ అప్పీలులో ఓడి, లండన్ ప్రీవీ కౌన్సిల్‌లో 1914లో నెగ్గారు. పిల్లలు తండ్రి దగ్గరికి రాలేదు. మరుసటి ఏడు, 1915లో, బిసెంట్ మదనపల్లెలోనే కాలేజీ పెట్టారు.

ఓడినవారు గెలిచినవారి ఖర్చులు ఇవ్వాలన్నది ఇంగ్లండులో 1278 నాటి గ్లాస్టర్ శాసనం నుంచి వస్తున్న పద్ధతి. మన సివిల్ ప్రొసీజర్ కోడ్ 35వ సెక్షన్ దాన్నే తీసుకుంది. అయితే ఆఖరి మాట జడ్జిది. ఓడినవారి మీద ఖర్చులు వేయకపోతే ఎందుకు వేయలేదో కాగితం మీద రాయాలి, అంతే.

నారాయణయ్యకు కనీసం పెన్షన్ ఉంది. దెబ్బతిన్న కూలీకి అదీ లేదు. మనిషి చావుకు కారకులైనవారి మీద నష్టపరిహారం దావా వేసే హక్కు 1855 చట్టంతోనే వచ్చింది. కానీ సివిల్ కోర్టులో ఎంత పెద్ద మొత్తం అడిగితే అంత పెద్ద కోర్టు ఫీజు ముందే కట్టాలి. కట్టలేనివారికి మిగిలింది పాపరు దావా. 1908 కోడ్ ప్రకారం పాపరు అనిపించుకోవాలంటే దావా ఫీజు కట్టే స్తోమత ఉండకూడదు; ఫీజు నిర్ణయించని దావా అయితే, ఒంటి మీదికి కావలసిన బట్టలూ దావా ఆస్తీ పోను, వంద రూపాయల ఆస్తి కూడా ఉండకూడదు. 1976 సవరణ పాపరు అన్న మాట తీసేసి, వందను వెయ్యి చేసింది. ఇలా వేసిన దావా గెలిస్తే కోర్టు ఫీజును ప్రభుత్వం ఓడినవారి దగ్గర రాబట్టుకుంటుంది. ఓడిపోతే ఆ పేదవాడే కట్టాలి. డిక్రీ నకలు కలెక్టరుకు వెళ్తుంది. ప్రమాదంలో చెయ్యి పోయిన మనిషి కేసు ఓడి ఇంటికొస్తే, వెనకాలే ఆ బాకీ కూడా వస్తుందన్నమాట.

మోటారు వాహనాల చట్టానికి 1956లో వచ్చిన సవరణ ప్రమాదాలకు విడిగా క్లెయిమ్స్ ట్రిబ్యునళ్లు తెచ్చింది. అయినా ఫీజు గొడవ తీరలేదు. హర్యానాలో ప్రభుత్వ బస్సు కింద పడి భర్తను పోగొట్టుకున్న ఒక పేద ఇల్లాలు కోర్టు ఫీజు కట్టలేనంటే, ప్రభుత్వం సుప్రీంకోర్టు దాకా వెళ్లి అడ్డుపడింది. 1979లో జస్టిస్ కృష్ణయ్యర్ ఆ ప్రభుత్వాన్ని గట్టిగా మందలించి, పేదలకిచ్చే ఫీజు మినహాయింపు ట్రిబ్యునళ్లలోనూ వర్తిస్తుందని తేల్చారు. బస్సూ ప్రభుత్వానిదే, అడ్డుపడిందీ ప్రభుత్వమే. ఆ కేసు చదివిన ప్రతిసారీ నాకు కోపం వస్తుంది.

ఇప్పుడు ట్రిబ్యునల్‌లో గెలిస్తే, బండికి బీమా ఉంటే, పరిహారంతో పాటు వడ్డీ, ఖర్చులు కూడా బీమా కంపెనీయే కట్టాలి. చట్టంలో ఆ మాట స్పష్టంగా ఉంది. చిక్కంతా ఏది ఖర్చు కిందికి వస్తుందన్న దగ్గరే. అవార్డు చివర ఒక చిన్న పట్టిక ఉంటుంది: వకాలతు స్టాంపు, కోర్టు ఫీజు, బ్యాటా, వకీలు ఫీజు. మన వైపు అవార్డుల్లో తరచూ కనిపించే మాట ‘దామాషా ఖర్చులతో’ అని. పది లక్షలు అడిగితే నాలుగు లక్షలు వస్తే, ఖర్చులూ ఆ లెక్కనే కోసుకుపోతాయి. వైకల్యం ఎంత శాతమో చెప్పడానికి డాక్టరును సాక్ష్యానికి పిలిపిస్తే ఆయన బ్యాటా ముందుగా బాధితుడే జమ చేయాలి. కుప్పం నుంచి చిత్తూరుకు దాదాపు వంద కిలోమీటర్లు. ప్రతి వాయిదాకూ బస్సు చార్జీ, తోడొచ్చినవాళ్ల చార్జీ, పోయిన కూలీ. ఇవేవీ ఆ పట్టికలో కనబడవు.

ఇవి కనబడాలని సుప్రీంకోర్టు 2005లోనే సేలం న్యాయవాదుల సంఘం కేసులో చెప్పింది. గెలిచినవారు వెచ్చించిన సమయం, ప్రయాణం, బస, వకీలు ఫీజు, టైపింగు అన్నీ కలిపి నిజంగా అయిన సమంజసమైన ఖర్చు ఇప్పించాలన్నది ఆ తీర్పు సారాంశం. కోడ్‌లోని 20ఏ ఆర్డరు కూడా నోటీసు, టైపింగు, నకళ్ల ఖర్చు అడగనిస్తుంది. కానీ రసీదు దాచుకుని, ఖర్చుల మెమో వేసి అడిగితేనే. ఆ పని చేయించే వకీళ్లు ఇంకా ఎక్కువమంది కావాలి.

మూడు రాష్ట్రాలు కలిసేచోట ఉన్న కుప్పానికి మోటారు వాహనాల చట్టం 1994 సవరణ నిజమైన మేలు చేసింది. అంతకుముందు ప్రమాదం ఎక్కడ జరిగితే అక్కడి ట్రిబ్యునల్‌కే వెళ్లాలి. హోసూరులో దెబ్బతగిలితే వాయిదాలన్నీ తమిళనాడులోనే. టమోటా లారీ మీద కోలారు వైపు పోయి దెబ్బతిన్న మదనపల్లె కూలీకీ అదే తిప్పట. 1994 తర్వాత బాధితుడు తాను ఉండే చోటే పిటిషన్ వేసుకోవచ్చు. ఖర్చుల ఉత్తర్వులన్నీ కలిపినా ఈ ఒక్క మార్పు మిగిల్చినంత డబ్బు మిగల్చలేదని నా నమ్మకం.

ఓడిపోతే? ఇంగ్లండులో 2013 నుంచి గాయాల కేసులో ఓడిన బాధితుడు మామూలుగా ఎదుటివారి ఖర్చులు కట్టనక్కర్లేదు. అమెరికాలో ఎవరి వకీలు ఫీజు వారిదే, గెలిస్తేనే శాతం ఇచ్చే ఒప్పందాలు అక్కడ చెల్లుతాయి. ఇక్కడ వకీలు పరిహారంలో వాటా మాట్లాడుకోవడాన్ని బార్ కౌన్సిల్ నిబంధనలు ఒప్పుకోవు. కాబట్టి అవార్డులో మూడో వంతు, నాలుగో వంతు అని ఎవరైనా అడిగితే కాదనే హక్కు బాధితుడికి ఉంది.

లోక్ అదాలత్‌లో రాజీ అయితే కట్టిన కోర్టు ఫీజు వెనక్కి వస్తుంది, అప్పీలు ఉండదు. మిగతా ఖర్చులను మాత్రం రాజీ మొత్తంలో ముందే కలిపించుకోవాలి, తర్వాత అడగడానికి వీలుండదు. సంతకానికి ముందు ఆ లెక్క వేసిపెట్టడానికి వకీలు కావాలంటే మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు, పారిశ్రామిక కార్మికులకు, వికలాంగులకు 1987 న్యాయసేవల చట్టం కింద ఉచితంగా ఇస్తారు. ఫోన్ నంబరు 15100.