చదివి చెప్పేవారి పరంపర

చదివిన పుస్తకం గురించి మరొకరితో చెప్పుకుంటే గాని తెలుగు పాఠకుడికి తనివి తీరదు. మన పఠన చరిత్రంతా ఈ ఒక్క గుణం చుట్టూ అల్లుకున్నది. తాటాకు కాలంలో ఒక్కొక్క ప్రతినీ నెలల తరబడి గంటంతో గీసిన లేఖకుడు చివరి ఆకులో తన నడుం నొప్పినీ మెడ నొప్పినీ చెప్పుకుని, నూనె, నీరు తగలకుండా ఈ పుస్తకాన్ని కాపాడమని చదువరిని వేడుకునేవాడు. అంత కష్టంతో పుట్టిన ప్రతి ఊరంతటికీ ఉమ్మడి సొత్తు. గుడి మంటపంలో ఒకరు భారత పద్యం రాగయుక్తంగా చదువుతుంటే, మరొకరు అర్థం విప్పి చెప్పేవారు. ఏ పద్యం దగ్గర ఆగాలో, ఏ ఘట్టాన్ని మళ్లీ చదివించాలో ఆయనకే తెలుసు. అక్షరం రానివారికి సైతం తిక్కనను దగ్గర చేసిన ఆ పౌరాణికుడే మన తొలి సమీక్షకుడని నేను నమ్ముతాను.

అచ్చుయంత్రం వచ్చాక ఈ బాధ్యత చేతులు మారింది. కడపలో సి.పి. బ్రౌన్ పండితులను కొలువులో పెట్టుకుని తాళపత్రాలు సేకరించి, పాఠాలు సరిచూయించి, 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో సహా అచ్చు వేయించాడు. ఆయన బంగళా ఉన్నచోటే ఈనాడు ఆయన పేరిట గ్రంథాలయం నిలిచి ఉండటం చూస్తే మనసు నిండుతుంది. 1874లో కందుకూరి వీరేశలింగం ‘వివేకవర్ధని’ ప్రారంభించారు. కొక్కొండ వేంకటరత్నం పంతులు ‘ఆంధ్రభాషా సంజీవని’తో దానికి జరిగిన వాదోపవాదాలు, రచనలోని గుణదోషాలను పదిమంది ఎదుట తర్కించడం తెలుగువారికి అలవాటు చేశాయి. తరువాత కట్టమంచి రామలింగారెడ్డి ‘కవిత్వతత్త్వ విచారము’ ఆ వాదాన్ని శాస్త్రంగా మలచింది. పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ కథాకల్పననూ పాత్రలనూ ఆయన పరిశీలించిన తీరు పండితలోకాన్ని కుదిపింది. అలంకారాలు లెక్కపెట్టే పాత పద్ధతి పక్కన కావ్యాన్ని సమగ్రంగా చూసే కొత్త చూపు నిలబడింది.

అయితే విమర్శ ఎంత ఎదిగినా పుస్తకం చేతికందకపోతే ఫలమేమిటి? ఆ లోటు తీర్చింది గ్రంథాలయోద్యమం. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వెలిశాయి. నిజాం పాలనలో తెలుగు చదువుకు ఆదరణ కరువైన రోజుల్లో అవి దీపస్తంభాలయ్యాయి. కొమర్రాజు లక్ష్మణరావు పూనికతో 1906లో విజ్ఞానచంద్రికా మండలి పుట్టి చరిత్రను, విజ్ఞానశాస్త్రాన్ని తెలుగులోకి తెచ్చింది. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య కృషితో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1918లో వేటపాలెంలో సారస్వత నికేతనం అవతరించింది. 1935లో పాతూరి నాగభూషణం పుస్తకాలను పడవకెక్కించి కృష్ణా కాలువలో పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య ఊరూరా తిప్పారు. రేవులో పడవ ఆగితే చదివిన పుస్తకం ఇచ్చి కొత్తది తీసుకునేవారట. పొలాలకు నీరు పారిన కాలువలోనే అక్షరమూ పారింది.

సమీక్షకు శాశ్వతమైన చిరునామా ఇచ్చినది 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు స్థాపించిన ‘భారతి’. 1991లో ఆగిపోయేదాకా, అందులో తన పుస్తకంపై నాలుగు వాక్యాలు రావడమే గౌరవమని రచయితలు భావించారు. సమీక్షకు రెండు ప్రతులు పంపి, నెలనెలా చివరి పుటలు తిరగేస్తూ ఎదురుచూసిన కవులెందరో! అవతల తెలంగాణలో కవులే లేరన్న మాటకు సురవరం ప్రతాపరెడ్డి 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ వెలువరించి జవాబు చెప్పారు. చదవనివారి అజ్ఞానానికి ఒక చదువరి ఇచ్చిన సమాధానమది.

స్వాతంత్ర్యానంతరం పాఠకలోకం మరింత విస్తరించింది. 1953లో విశాలాంధ్ర ప్రచురణాలయం వచ్చింది. ఎమెస్కో పాకెట్ పుస్తకాలు ఇంటింటికీ చేరాయి. 1960 నాటి చట్టంతో ఆంధ్రప్రదేశ్‌లో పౌర గ్రంథాలయాలకు ఇంటిపన్నుతోపాటు వసూలయ్యే సెస్సు ఆసరా అయింది. వారపత్రికల సీరియళ్లను వారం వారం చింపి దాచి బైండు చేయించుకున్న గృహిణులు, అద్దె షాపులో రోజుకో నవల తెచ్చుకుని వంట ముగించి చదివిన అమ్మలు ఈ చరిత్రకు పేరులేని నిర్మాతలు. వారికోసమే అన్నట్టు మాలతీ చందూర్ ‘స్వాతి’ మాసపత్రికలో ‘పాత కెరటాలు’ శీర్షికన ఇంగ్లీషు నవలలను ఏళ్ల తరబడి పరిచయం చేశారు. ఇంగ్లీషు రాని ఇల్లాలికీ ప్రపంచ సాహిత్యం ఇరుగుపొరుగయింది. ఇటు కడప నుంచి ‘సంవేదన’ నడిపిన రాచమల్లు రామచంద్రారెడ్డి, ఎంతటి పేరున్న రచయితనైనా తన తూకంలో పెట్టి చూశారు. ఒకరిది చేయి పట్టి నడిపించే ప్రేమ, మరొకరిది తప్పు చెప్పే ప్రేమ. సమీక్షకు రెండూ కావాలి.

నాకు ఈ విద్య అబ్బినది మా ఊరి శాఖా గ్రంథాలయంలో. అక్కడి నవలల అంచుల్లో ముందు చదివినవారు పెన్సిలుతో రాసిన మాటలు ఉండేవి. ‘ఇక్కడ ఏడ్చాను’ అని ఒకరు, ‘ముగింపు అన్యాయం’ అని మరొకరు, దాని కింద ‘కాదు, న్యాయమే’ అని ఇంకొకరు. లైబ్రేరియన్‌గారు కోప్పడేవారు గాని, ఆ మాటలను ఎన్నడూ చెరిపేవారు కాదు. ముఖాలు తెలియని ఆ ముగ్గురి మధ్య కూర్చుని నేను విమర్శ నేర్చుకున్నాను. యాభై ఏళ్లుగా ఎన్ని సమీక్షలు రాసినా ఆ పెన్సిలు రాతకు కొనసాగింపుగానే రాశాను.

ఇప్పటికీ ఏటా జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి వెళ్తాను. ఏదో పుస్తకం చేతిలోకి తీసుకుని తటపటాయిస్తుంటే, పక్కన నిలబడిన అపరిచితుడు చనువుగా అంటాడు: “తీసుకోండి సార్, చాలా బాగుంటుంది.” నేను తీసుకుంటాను. మంటపంలో అర్థం చెప్పిన గొంతు నాకు మళ్లీ వినిపిస్తుంది.