శాంతి ధర, యుద్ధ ధర

1693లో ఇంగ్లండు ప్రభుత్వం ఈస్టిండియా కంపెనీకి సన్నదు ఇస్తూ ఒక షరతు పెట్టింది. ఏటా 500 టన్నుల సురేకారాన్ని కంపెనీ సర్కారు ఆయుధశాలకు అమ్మాలి. శాంతి రోజుల్లో టన్ను 38 పౌన్ల 10 షిల్లింగులు, యుద్ధం నడుస్తుంటే 45 పౌన్లు. ఆయుధ కార్ఖానాల లెక్కల విభాగంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఎన్నో కాంట్రాక్టులు చదివాను గాని, చావుకు రేటు పెరుగుతుందని ఇంత నిస్సంకోచంగా రాసుకున్నది మరొకటి చూడలేదు.

తుపాకిమందులో ముప్పాతిక భాగం సురేకారమే. మిగిలింది బొగ్గు, గంధకం. మన పల్లెల్లో పెట్లుప్పు అంటారు. బీహారులో నూనియా కులస్థులు పశువుల కొట్టాల చుట్టూ, పాత గోడల వెంట తెల్లగా పొంగిన మట్టిని గీకి, నీళ్లలో నానబెట్టి, వడగట్టి, కాచి తీసేవారు. అది పాట్నా నుంచి పడవల మీద గంగలో దిగి కలకత్తా చేరేది. 1758లో క్లైవు ఆ సరుకు మీద గుత్త హక్కును నవాబు మీర్ జాఫర్ దగ్గర రాయించుకున్నాడు. ప్లాసీ గెలుపులో జనం చెప్పుకునేది ఖజానా గురించి. నా దృష్టిలో ఈ గుత్తే అంతకంటే పెద్ద ఆస్తి. యూరపులో ఎవరు ఎవరితో కొట్టుకున్నా ఈ సరుకు కావాల్సిందే.

ఇక మందు తయారీ. కలకత్తాకు ఉత్తరాన, హుగ్లీ ఒడ్డున, పల్తా దగ్గర కంపెనీ తుపాకిమందు చేయించేది. అది నాసిగా వస్తోందని కారన్‌వాలిస్ కాలంలో జాన్ ఫార్క్హర్ అనే స్కాట్లండువాణ్ణి చూడమన్నారు. తుంటికి గాయమై సిపాయి పనికి దూరమైనవాడు, రసాయనశాస్త్రం పిచ్చి ఉన్నవాడు. మందు బాగుచేశాడు, పెత్తనం దక్కించుకున్నాడు, చివరికి ప్రభుత్వానికి ఏకైక కాంట్రాక్టరయ్యాడు. పరమ పిసినారి. లక్షల పౌన్లు వెంటబెట్టుకుని ఇంగ్లండు వెళ్లి 1822లో ఫాంట్‌హిల్ అబే అనే మహాసౌధాన్ని కొన్నాడు. అమ్మినవాడు విలియం బెక్‌ఫర్డ్. అతనిది జమైకా బానిసల చెమటతో పండిన చక్కెర సొమ్ము. ఆ భవనం గోపురానికి పునాది కమానులు కట్టకుండానే డబ్బు తీసుకున్నామని మేస్త్రీ చావు మంచం మీద ఒప్పుకున్నాడట. ఆ సంగతి చెబితే ఫార్క్హర్, నేనున్నంత కాలం నిలబడితే చాలన్నాడట. 1825 డిసెంబరులో గోపురం కూలింది. అతను 1826 దాకా బతికాడు. పని కాకుండానే బిల్లు పాసవడం మా శాఖ కనిపెట్టిన విద్య కాదన్నమాట.

ప్రభుత్వ వ్యవస్థ నెమ్మదిగా ఏర్పడింది. 1775లో ఫోర్ట్ విలియంలో ఆయుధ బోర్డు, 1787లో ఇచ్ఛాపూర్ మందు కార్ఖానా. కాశీపూర్ ఫిరంగి బళ్ల కార్ఖానాలో 1802 మార్చి 18న పని మొదలైంది. ఆ తేదీనే దేశమంతటా ఆయుధ కార్ఖానాల దినం జరుపుతారు. మందు చేసిన ఇచ్ఛాపూర్‌లోనే 1904లో రైఫిళ్ల కార్ఖానా వచ్చింది.

దమ్‌దమ్ కథ వేరు. సిపాయిల తిరుగుబాటుకు ముందు, 1857 జనవరిలో, అక్కడి కార్ఖానా కళాసీ ఒకడు బ్రాహ్మణ సిపాయిని చెంబుడు నీళ్లడిగాడు. కులం చూసి సిపాయి ఇవ్వనన్నాడు. ఆవు కొవ్వు, పంది కొవ్వు పూసిన తూటాలు రేపు నోటితో కొరకబోతున్నావు, అప్పుడు నీ కులం ఎక్కడికి పోతుందని కళాసీ ఎద్దేవా చేశాడు. తర్వాత విచారణలో బయటపడిందేమిటంటే, కొవ్వు ఏ జంతువుదో చూడాలన్న జాగ్రత్త ఎవరూ పడలేదు. కొనుగోలు నిబంధనల్లో ఒక్క వాక్యం లేకపోతే ఏమవుతుందో కొత్త గుమాస్తాలకు చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకలేదు. నలభై ఏళ్లకు అదే దమ్‌దమ్‌లో కెప్టెన్ బర్టీ-క్లే ముక్కు మెత్తగా ఉన్న తూటా చేశాడు. ఒంట్లో దిగాక విచ్చుకుంటుంది. 1899లో హేగ్ సమావేశం అటువంటివాటిని నిషేధించింది.

మా తాత టెక్కలి పక్క పల్లె నుంచి టిటాగఢ్ జూట్ మిల్లుకు వచ్చాడు. మొదటి ప్రపంచయుద్ధంలో ఈ మిల్లులు తూటాను ఆపే ఇసుక బస్తాల గోనె అమ్మి బాగుపడ్డాయి. హుగ్లీ ఒడ్డున రెండు వైపులా బేరమే. 1914 ఆగస్టు 26న విప్లవకారులు రాడా కంపెనీ సరుకులోంచి 50 మౌజర్ పిస్తోళ్లు, 46,000 తూటాలు ఎద్దుబండిలో దాటించింది కలకత్తాలోనే. కొనే దారి లేనివాళ్ల పద్ధతి అది.

స్వతంత్రం వచ్చాక కూడా డబ్బు యుద్ధం వెనకాలే నడిచింది. చైనా యుద్ధం 1962లో. రక్షణ కేటాయింపు రెట్టింపు దాటి 867 కోట్లయింది 1963-64 బడ్జెట్‌లో. నా ఉద్యోగ కాలంలో సరిహద్దు వేడి ఓవర్‌టైమ్ బిల్లుల్లో కనిపించేది. చల్లబడితే ఆర్డర్లు తగ్గేవి, ఇచ్ఛాపూర్ మాత్రం లైసెన్సుదార్లకు .315 వేట తుపాకులు చేస్తూ ఉండేది. .303 సైన్యం కొలత, మామూలు లైసెన్సుకు దొరకదు. ఖాళీ నెలల్లోనూ యంత్రానికి నూనె, మనిషికి జీతం తప్పవు. ఆ ఖర్చంతా చివరికి తూటా ధరలోకే ఎక్కుతుంది. నలభై రోజుల యుద్ధానికి నిల్వ ఉండాలని నియమం ఉండేది. 2013 మార్చి నాటికి సగం రకాలు పది రోజులకైనా చాలవని కాగ్ 2015లో తేల్చింది.

మా ప్రధాన కార్యాలయంగా ఉండిన ఆయుధ్ భవన్ ఉన్నది షహీద్ ఖుదీరాం బోస్ రోడ్డులో, అంటే బాంబు వేసి ఉరికెక్కిన కుర్రాడి పేరిట. 2021 అక్టోబరు 1న ఆయుధ కార్ఖానాల బోర్డు రద్దయి 41 కార్ఖానాలు ఏడు కంపెనీలయ్యాయి. మందుగుండు పుణెకు, ట్యాంకులు ఆవడికి పోయాయి; సంగారెడ్డి దగ్గరి ఎద్దుమైలారం కార్ఖానా ఆవడి కింద చేరింది. కలకత్తాకు ఏ కంపెనీ ప్రధాన కార్యాలయమూ మిగల్లేదు. మనం అమ్మకందార్లం కూడా అయ్యాం: 2024-25లో రక్షణ ఎగుమతులు 23,622 కోట్లు.

ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు 2,000 యూరోలున్న 155 మి.మీ. గుండు 8,000కు చేరిందని 2023 అక్టోబరులో నాటో సైనిక కమిటీ అధ్యక్షుడు రాబ్ బావర్ చెప్పాడు. 1693 సన్నదులో 38న్నర మీద 45 అంటే నూటికి పదిహేడు పెంపు. ఇది నూటికి మూడొందలు. ఆ మూడొందల్లో ముడిసరుకు ఎంత, కూలి ఎంత, లాభం ఎంతో విడదీసిన కాగితం ఒక్కటి చూడాలని ఉంది. పాత అలవాటు.